తాగమని చెప్పని కాఫీ

నవంబరు 3, 1974. ఆదివారం

ఈ పుస్తకంలో బొమ్మ గురించి తప్ప ఇంకేమీ రాయను. ఏ రంగు కలిపాను, ఏది గీకేశాను, అంతే. రోమ్‌లో చదువుకునే రోజుల్లో ఇలాగే రాసుకునేవాణ్ణి. మా ఊరు సల్త్ తిరిగొచ్చి బడిలో డ్రాయింగ్ మాస్టర్నయ్యాక ఆ అలవాటు పోయింది.

బల్ల మీద ఉన్నవి: నీలం ఎనామిల్ కెటిల్, మూతి దగ్గర పెచ్చు ఊడింది. ఆలివ్ నూనె సీసా, సగానికి. మొన్నటి రొట్టె. మా అమ్మ కాఫీ గింజలు దంచిన చెక్క రోలు. పిడి లేని చిన్న కాఫీ కప్పు, నిండుగా. బల్ల ముందు అంచున కుడిపక్క కొంచెం చోటు ఖాళీ.

కప్పు శుక్రవారం నాటిది. రాజీకని నలభై మంది వచ్చారు. వాళ్ళ పెద్ద హాజీ దౌకాన్ ముందు కూర్చున్నాడు. మా అన్న అక్కాష్ తన చేత్తో పోసిన కాఫీని ఆయన పెదవులకి తాకించకుండా బల్ల మీద పెట్టేశాడు. మిగతావాళ్ళూ పెట్టేశారు.

"మా నౌఫాన్ లారీ కింద మీ పిల్ల పోయింది. తప్పు మావాడిదే, కాదనం. రంజాన్ ఉపవాసం విప్పే వేళకి ఇల్లు చేరాలని కళ్ళు మూసుకుని తోలాడు. మీ వీధిలోకొచ్చి తలొంచుకుని కూర్చున్నాం. క్షమించామని ఒక్క మాట అను, తాగుతాం" అన్నాడు హాజీ.

అన్న నా వైపు చూశాడు. పిల్ల తండ్రిని నేను. "తాగండి" అనాలి, అంతే. అంటే కుర్రాడు జైలునుంచి బయటికొస్తాడు, రెండిళ్ళ మధ్య పగ పోతుంది. నేను అనలేదు. నలభై రోజులదాకా పగ సాధించబోమని గడువు మాత్రం ఇచ్చాను. నలభై మంది తాగకుండానే లేచారు. మా పేటలో ఏ ఇంట్లోనూ ఇన్ని కప్పులు నిండుగా మిగిలిపోలేదట.

నా భార్య ఫిద్దా కప్పులన్నీ కడిగేసింది. హాజీ ముందున్నది మాత్రం కడగొద్దన్నాను. గుండ్రంగా, తెల్లగా, మంచి ఆకారం. బొమ్మకి పనికొస్తుంది.

నవంబరు 4

కెటిల్ నీలం బాగా కుదిరింది. ఈరోజు ఇంతే.

నవంబరు 6

కప్పులో కాఫీ ఎండి, లోపల నల్లగా చుట్టు కట్టింది. నాకు కావలసింది పైన నిలబడే మెరుపు. ఫిద్దాని కాఫీ కాయమన్నాను. ఏలకులు దండిగా వేసి కాచింది. కప్పు కడిగి, నింపి, బల్ల మీద గీసుకున్న పాత గుర్తు మీదే పెట్టాను. సాయంత్రం బడినుంచి వచ్చాక రోజూ ఇలా నింపాలి. పోయడం వేరేవాళ్ళకి చేతకాదు. అంచుకి వెంట్రుకవాసి కిందుగా రావాలి.

నవంబరు 10

అన్న వచ్చి చాలాసేపు బొమ్మ ముందు నిలబడ్డాడు.

"ఒరే, బల్ల ఇట్లా వాలిపోతే సామానంతా జారి మన ఒళ్ళో పడదూ?"

"వాలలేదన్నా. పైనుంచి, ఎదురుగా, రెండువైపులా ఒకేసారి చూస్తున్నాం."

"ఉన్నవి రెండు కళ్ళు. ఎన్ని వైపులనుంచి చూస్తావురా? అందుకా నిన్ను రోమ్ పంపింది నాన్న, మూడు దునుముల పొలం అమ్మి?"

నవ్వాను. సెప్టెంబరులో పిల్ల పోయాక నవ్వడం అదే మొదలు. తర్వాత వెళ్తూ వెళ్తూ అన్నాడు: "గట్టిగా ఉండు. ఆ మాట మాత్రం నీ నోట్లోంచి రాకూడదు. పిల్లని చంపి నలభై రోజుల్లో కాఫీ తాగుతారా? ఏం, మన ఇంట్లో మగాళ్ళు లేరనుకున్నారా?"

అన్న చెప్పినదాంట్లో ఒక్కటి నిజం. సీసాని, రోలుని, కెటిల్‌ని నేను నాలుగువైపులనుంచీ చూసి వేశాను. కప్పు మాత్రం ఒక్క వైపునుంచే వస్తోంది, ఆ శుక్రవారం నేను కూర్చున్న చోటునుంచి. మూడుసార్లు గీకేశాను. మళ్ళీ అలాగే వచ్చింది.

నవంబరు 11

కుడిపక్క చోటులో పసుపు వేయలేదు.

నవంబరు 15, శుక్రవారం

ఫిద్దా మళ్ళీ అదే. రోజూ సాయంత్రం నా గదిలో చలి కాచుకునే పొయ్యి ముందు కూర్చోగానే మొదలుపెడుతుంది.

"నేను తిట్టకపోతే అది గడప దాటేది కాదు. పప్పు మాడితే మాడింది. పుస్తకం చదువుకుంటూ చూసుకోలేదు పాపం. మాడిన పప్పు కోసం పిల్లని అంత మాటన్నాను. ఉపవాసంతో ఉన్న పిల్లని. అలిగి, చెప్పకుండా వెళ్ళిపోయింది. నా నోరు పడిపోను."

"నీ తప్పేం లేదు" అన్నాను.

"మరి ఎందుకెళ్ళింది ఆ వేళప్పుడు? అరగంటలో అందరూ తినడానికి కూర్చుంటారు. ఆ టైములో రోడ్డు మీద దానికేం పని?"

నాకు తెలియదన్నాను. ఆమె తలగుడ్డ కొంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను రొట్టె నీడకి కొంచెం ఊదా కలిపాను.

నవంబరు 19

మాకు రువైదా ఒక్కతే. అందుకని ఊళ్ళో అందరూ నన్ను 'అబూ రువైదా' అనేవాళ్ళు, రువైదా వాళ్ళ నాన్న అని. ఇప్పుడు పిలవబోయి నోట్లోనే మింగేస్తున్నారు. రొట్టెలవాడు 'మాస్టారూ' అన్నాడు. పదిహేడేళ్ళనుంచి ఆ పేరే నా పేరు. బడిలో హాజరుపట్టీ మీద నా అసలు పేరు చూసి ఎవరబ్బా అనుకున్నాను.

బొమ్మ గురించి తప్ప రాయనన్నాను. రేపటినుంచి.

నవంబరు 26

జైల్లో నౌఫాన్ తిండి మానేశాడట. నేను తింటున్నాను.

డిసెంబరు 2

బాగా వాన. వెలుగు లేదు. అయినా కాఫీ పోశాను.

డిసెంబరు 9, సోమవారం

ఇంటికొచ్చేసరికి కప్పు ఖాళీ.

 వరసగా రాస్తాను, లేకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున్న హాజీ దౌకాన్ కబురు పంపాడు, సాయంత్రం ఒక్కడే వస్తానని. గడువు ఈ వారంతో అయిపోతుంది కదా, ఇంకొంచెం పెంచమని అడగడానికి అయి ఉంటుంది. ఆయన మొహం చూడటం ఇష్టం లేకపోయింది నాకు. బడినుంచి వచ్చి, రోజూలాగే కప్పు నింపి గుర్తు మీద పెట్టి, గొడుగు తీసుకుని బయటపడ్డాను. పనేమీ లేదు. వానలో మెట్లవీధి చివరిదాకా వెళ్ళి, అరుగు మీద కూర్చుని, ఆయన వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాక వెనక్కొచ్చాను. యాభై రెండేళ్ళవాణ్ణి, పంతులికి భయపడి బడి ఎగ్గొట్టినట్టు చేశాను.

ఫిద్దా నా గదిలో నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం, అందులో ఇంకో కప్పు కాఫీ, చల్లారిపోయి.

"వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు ముసలాయన. డెబ్భై ఆరేళ్ళ మనిషిని గుమ్మంలో నిలబెట్టనా? చలి కాచుకునే పొయ్యి ఉన్నది ఈ గదిలోనే కదా, ఇక్కడే కూర్చోబెట్టాను. కాఫీ తెస్తానని లోపలికెళ్ళాను. వచ్చేసరికి..."

"వచ్చేసరికి?"

"నీ బల్ల మీద కాఫీ తాగేశాడు."

వినపడలేదన్నట్టు చూశాను.

"ఏడుస్తున్నాడు. కప్పు రెండు చేతుల్లో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. 'అమ్మా, నీ మొగుడు మనసున్న మారాజు. నా మొహం చూస్తూ చెప్పలేక, నేనొచ్చే టైముకి కప్పు నింపి పెట్టి బయటికెళ్ళాడు. ఇంకా వెచ్చగానే ఉంది' అన్నాడు. బక్రీదు పదిహేను రోజుల్లో ఉంది, పండక్కి పిల్లాడు ఇంట్లో ఉంటాడని నౌఫాన్ వాళ్ళమ్మకి చెప్తానన్నాడు. శుక్రవారం అందర్నీ తీసుకొస్తానని నా తల మీద చెయ్యిపెట్టి వెళ్ళిపోయాడు."

"నువ్వేం చేస్తున్నావ్ మరి? అది బొమ్మ కోసం పెట్టిందని చెప్పలేకపోయావా?"

"ఏడుస్తున్న మనిషి గొంతులోంచి కాఫీ కక్కించమంటావా?"

అరిచాను. ఏం అరిచానో రాయను. ఆమె లేచింది. ఖాళీ కప్పు చేతిలోకి తీసుకుని అడుగు చూసింది, తిరిగి నా గుర్తు మీదే పెట్టింది.

డిసెంబరు 10

ఈ ఊళ్ళో వేరే ఏ ఇంట్లోనైనా బల్ల మీద ఊరికే నింపిపెట్టిన కాఫీ ఉంటుందా? ఉండదు. కప్పు నిండిందంటే ఎవరో తాగడానికే. హాజీ తప్పు ఏముంది? వెర్రివాడు ఒకడు రోజూ కాఫీ పోసి దాని మెరుపు చూస్తూ కూర్చుంటాడని ఆయనకెలా తెలుస్తుంది?

కాని నేను ఇవ్వలేదు. నేను అనలేదు ఆ మాట. శుక్రవారం అందరి ముందూ కాదంటాను. పొరపాటున తాగాడు, నా అనుమతి లేదు అంటాను.

అనగలను. ఎందుకనాలో కూడా తెలుసు నాకు. రాయనన్నాను, రాస్తున్నాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు.

పప్పు మాడినందుకు అలిగి వెళ్ళలేదు అది. నేను పంపాను.

బల్ల ముందు అంచున నిమ్మకాయ ఉండేది. అది ఎండి ముడతలు పడింది. కెటిల్ నీలానికి ఎదురుగా తాజా పసుపు కావాలి. ఆ సాయంత్రం కిటికీలోంచి వెలుగు సరిగ్గా బల్ల మీద పడుతోంది. "రువైదా, పరిగెత్తి ఒక నిమ్మకాయ పట్రా" అన్నాను. అది అమ్మ చేత తిట్లు తిని కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి నా గదిలో కూర్చుని ఉంది. "కొట్లు మూసేస్తుంటారు నాన్నా, ఉపవాసం విప్పాక వెళ్తాలే, లేకపోతే రేపు" అంది. "రేపు ఈ వెలుగుండదు. మూసేలోగా పరిగెత్తు" అన్నాను. పరిగెత్తు అని రెండుసార్లు అన్నాను.

అది రోడ్డు దాటుతూ పరిగెత్తిందని పోలీసులు రాశారు. ఎందుకు పరిగెత్తిందో ఎవరికీ అర్థం కాలేదు.

వాడు జైల్లో ఉన్నంతకాలం తప్పు వాడిది. వాణ్ణి వదిలేస్తే ఆ తప్పు ఎవరి దగ్గరికి వస్తుందో నాకు తెలుసు. అందుకే ఆ మాట నా నోట రాలేదు. కూతురి మీద ప్రేమ కాదు, పరువూ కాదు.

డిసెంబరు 11

అన్న నాకు చెప్పకుండా హాజీ ఇంటికి వెళ్ళాడు. పదిమంది ఉండగా అన్నాడట: "ఏం హాజీ, వయసు మీదపడ్డాక ఎదుటివాళ్ళ ఇంట్లో కప్పులు దొంగతనంగా ఊడ్చడం నేర్చుకున్నావా? అది బొమ్మకి పెట్టిన కాఫీ. రేపు రంగునీళ్ళు పెడితే అవీ తాగుతావా?"

వచ్చి నాకు గొప్పగా చెప్పాడు. నేను అనదలచుకున్నదే అన్న అనేశాడు. అయినా ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది.

కాఫీ పోయలేదు ఇవాళ.

డిసెంబరు 12, గురువారం

హాజీ వచ్చాడు. ఈసారి పారిపోలేదు నేను. కూర్చోమన్నాను.

"కూర్చోను అబూ రువైదా. నిలబడే చెప్తా."

ఆ పేరుతో పిలిచేవాడు ఈ ఊళ్ళో ఆయనొక్కడే మిగిలాడు.

"మీ అన్న చెప్పింది నిజమేనా? అది నాకిచ్చింది కాదా?"

నేను బల్ల వైపు చూశాను. ఆయనే మాట్లాడాడు.

"యాభై ఏళ్ళనుంచి జనం తరఫున ఇళ్ళకి పోతున్నా నాయనా. పెళ్ళిళ్ళకి, చావులకి, కొట్లాటలకి. నా ముందు ఎన్ని కప్పులు చల్లారిపోయాయో లెక్కలేదు. ఇవ్వని కాఫీ ఒక్క చుక్క నోట్లో పోసుకున్నవాణ్ణి కాను. ఇది దొంగతనమే అయితే రేపు నమాజు కాగానే అందరి ముందూ నేనే ఒప్పుకుంటా. ముసలితనంలో కళ్ళు కనపడక చేశానంటా. కుర్రాడు లోపలే ఉంటాడు. ఇంక నేను ఎవరి గడపా ఎక్కను. నువ్వు నోరు విప్పక్కర్లేదు. నీ మీద మాట రానివ్వను."

నాకు కావలసింది అదే. అడక్కుండానే ఆయన చేతుల్లో పెట్టుకుని తెచ్చి ఇస్తున్నాడు. పరువు కోసమే బతికిన మనిషి దాన్ని తీసి నా బల్ల మీద పెడుతున్నాడు.

"ఒక్క సంగతి తెలుసుకోవాలని ఉంది, అంతే. ఎవరు నింపారు ఆ కప్పు? మీ ఇంటావిడా?"

"నేనే."

"ఆ రోజేనా?"

"రోజూ. మీరు మొదటిసారి వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి."

ఆయన కప్పు వైపు ఒకసారి చూశాడు. తలపాగా సర్దుకుని గుమ్మం వైపు తిరిగాడు. చెప్పుల్లో కాలు పెట్టబోయాడు, పట్టు తప్పి గోడ పట్టుకున్నాడు.

"హాజీ, అది మీకిచ్చిందే" అన్నాను.

వెనక్కి తిరిగి చూశాడు.

"మీకోసమే పోశాను. మా అన్నకి తెలియదు."

అబద్ధమో నిజమో నాకే తెలియలేదు. ఆయన వచ్చి నా భుజం మీద తల ఆనించాడు. ఆయన కోటు తడి వాసన.  నాకు ఏడుపు రాలేదు.

డిసెంబరు 13, శుక్రవారం

యాభై మందికి పైనే వచ్చారు. గదిలో చోటు చాలక వరండాలో కూర్చున్నారు. హాజీ కప్పు కింద పెట్టాడు, పద్ధతి ప్రకారం మళ్ళీ అడిగాడు. అన్న గోడకానుకుని నావైపు చూడకుండా కూర్చున్నాడు. "తాగండి" అన్నాను. ఇంతమంది ఒక్కసారి తాగితే చప్పుడవుతుందని ఎప్పుడూ గమనించలేదు.

రాజీ కాగితం మీద సంతకం పెట్టాను. ఆదివారానికల్లా కుర్రాణ్ణి వదిలేస్తారట. అందరూ నా చేతులు పట్టుకుని, నీ గుండె తేలికవుతుంది చూడు, నీకు స్వర్గంలో చోటుంది అన్నారు.

తేలికవలేదు. ఇప్పుడు మోయడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

డిసెంబరు 14

ఫిద్దాకి చెప్పాను.

వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తోంది. పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. "పప్పు వల్ల కాదు. అది అలగలేదు. నేనే పంపాను, నిమ్మకాయకి" అన్నాను. ఎలా చెప్పాలో చాలా అనుకున్నాను కాని, వచ్చింది ఆ నాలుగు ముక్కలే.

ఆమె చేతిలో ఉన్న రెబ్బ ఒలిచి గిన్నెలో వేసింది. ఇంకోటి తీసింది. అదీ ఒలిచింది.

"తినడానికా?"

"బొమ్మకి."

"మూడు నెలలు" అంది. "రోజూ నా నోటిని నేను తిట్టుకుంటుంటే పక్కన కూర్చుని విన్నావు. నీ తప్పేం లేదన్నావు. ఎందుకెళ్ళిందో తెలియదన్నావు."

"ఫిద్దా, నన్ను..."

"ఆ కుర్రాడి కోసం యాభై మంది మన గడప ఎక్కారు. నీకోసం ఎవరొచ్చారు?"

ఎవరూ లేరన్నాను. ఆమె చేతులు కడుక్కుని రువైదా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. రాత్రి అక్కడే పడుకుంది.

డిసెంబరు 15

ఫిద్దా నా ముందు కంచం పెట్టింది, తను తినలేదు. నౌఫాన్ ఇంటికొచ్చాడని వీధిలో ఎవరో అంటుంటే విన్నాం ఇద్దరమూ. బొమ్మ గోడవైపు తిప్పేశాను. 

డిసెంబరు 16, సోమవారం

సాయంత్రం బడినుంచి వచ్చేసరికి ఫిద్దా నల్ల కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏ కొట్టుకి పంపావు?"

"కిందవీధి. చర్చి పక్క."

"ఎటునుంచి వెళ్ళేది?"

"మెట్లమీంచి దిగి, రోడ్డు దాటి."

ఇంకేమీ అడగలేదు. మెట్లు దిగడం మొదలుపెట్టింది. గొళ్ళెం వేయడం మర్చిపోయి నేనూ దిగాను, పదిమెట్లు వెనకగా. ఆమెకి మోకాలి నొప్పి, ఒక్కో మెట్టు మీద ఆగుతోంది. ఆమె ఆగినప్పుడల్లా నేనూ ఆగాను. రోడ్డు అంచున చాలాసేపు నిలబడింది. లారీలు పోతున్నాయి. పక్కకెళ్ళి చెయ్యి పట్టుకుందామనుకున్నాను, ధైర్యం చాలలేదు.

దారి దొరికాక నెమ్మదిగా దాటింది. నేనూ దాటాను. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వెనక రావద్దని మాత్రం అనలేదు.